జామీను అనే మాట

మా నాయన పౌలు గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. అలాంటి మనిషి ఆ రోజు పులివెందుల బ్యాంకులో, ఆఫీసరు ఎదుట నిమ్మళంగా కూర్చున్నవాడల్లా దిగ్గున లేచి, “అది మాత్రం నాతో కాదు సార్” అన్నాడు. కౌంటర్ల దగ్గర వరసలో నిలబడినవాళ్లంతా తిరిగి మా వైపు చూశారు. నాకు పద్దెనిమిదేళ్లు. ఆ వయసులో నలుగురూ చూడటం కంటే పెద్ద కష్టం ఉంటుందని నాకు తెలియదు.

రెండువేల ఆరు జూలై అది. ఇంజనీరింగ్ కౌన్సెలింగూ పంచాయతీ ఎన్నికలూ ఒకేసారి వచ్చిపడ్డాయి. ప్రొద్దుటూరు దగ్గరి ఒక కాలేజీలో నాకు ఎలక్ట్రికల్ సీటు వచ్చింది. నెలాఖరులోగా ఫీజు కట్టి చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. మాది దొరల మిషను కాలం నుంచీ క్రైస్తవ కుటుంబం. కాగితాల్లో బీసీ-సీ. పెద్ద స్కాలర్‌షిప్పులు ఆ గడి దాటి మా వైపు వచ్చేవి కావు. ఫీజులు ప్రభుత్వమే కడుతుందన్న మాట అప్పటికింకా ఎవరి నోటా వినలేదు. నాయన బోరుబావుల్లో మోటార్లు దించే, ఎత్తే మేస్త్రి. అమ్మ రూతమ్మ చీనీ, అదే బత్తాయి, తోటల్లో కూలికి పోయేది. ఏడాదికి ఇరవయ్యారు వేలు, పైన హాస్టలు. మా ఇంట్లో ఆ అంకెను పైకి అనడానికే ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్లం.

చదువుకు బ్యాంకులు అప్పిస్తాయని, నాలుగు లక్షల దాకా ఆస్తి తాకట్టు కూడా అడగరని మా ఇంటర్ లెక్చరర్ చెప్పారు. నాయన ఉతికిన చొక్కా వేసుకుని, నా సర్టిఫికెట్లన్నీ యూరియా సంచి కోసి కుట్టిన చేతిసంచిలో పెట్టుకుని నన్ను తీసుకుపోయాడు. ఆఫీసరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన కుర్రాయన, మర్యాదస్తుడు. నా మార్కులు చూసి, “ఎస్తేరు గారూ, లెక్కల్లో ఇన్ని మార్కులా!” అన్నాడు. నన్ను ‘గారూ’ అన్న మొదటి మనిషి ఆయనే. ఒరిజినల్స్ తీసుకుని ఫైలు కట్టాడు. అప్పటిదాకా అంతా బాగుంది.

“ఇక ఒక్కటే మిగిలిందండీ,” అన్నాడు నాయనతో. “అమ్మాయికి మీరు జామీను ఉండాలి.”

ఆ మాటకే నాయన లేచింది. ఆఫీసరు బిత్తరపోయాడు. “ఉత్త సంతకమేనండీ,” అన్నాడు. నాయన అప్పటికే తలుపు దగ్గరున్నాడు. నేను ఫైలు వైపు, ఆయన వీపు వైపు మార్చి మార్చి చూసి చివరికి ఆయన వెంటే పరుగెత్తాను. బస్సులో పక్క పక్కనే కూర్చుని మా ఊరు వేముల దాకా వచ్చాం.

ఇల్లు చేరేసరికి అమ్మ పొయ్యి ముట్టిస్తోంది.

“ఏమన్నారు? ఇస్తామన్నారా?”

“ఇస్తారంట,” అన్నాను. “నాయన ఒక సంతకం పెట్టాలంట. పెట్టడంట.”

“ఏం సంతకం?”

“జామీను.”

అమ్మ ఊదుగొట్టం కింద పెట్టేసింది. “ఓ దేవా,” అంది.

మా ప్రాంతంలో జామీను అంటే ముందు గుర్తొచ్చేది కోర్టు. పార్టీలు బాంబులు వేసుకున్న రోజుల్లో పట్టుబడ్డవాళ్లని విడిపించడానికి జామీనుదార్లు కావాలి, వాళ్లు పాసుబుక్కున్న రైతులై ఉండాలి. నేను అయిదేళ్ల పిల్లనప్పుడు నాయనతో కలిసి చదివిన ఓబులేసు ఒక కేసులో ఇరుక్కున్నాడు. నాయన జమ్మలమడుగు కోర్టుకు పోయి, మా ఎకరన్నర చెనిక్కాయ చేను పాసుబుక్కు చూపించి జామీను పెట్టాడు. మూడో వాయిదాకే ఓబులేసు కనపడకుండా పోయాడు. నాయన ఏడాదిన్నర ఆ కోర్టు చుట్టూ తిరిగి, చివరికి చేను అమ్మి బాండు మొత్తం కట్టాడు. కట్టిన వారమే చర్చిలో సంఘం అందరి ముందూ లేచి నిలబడి, ఇక ప్రాణం పోయినా ఏ మనిషికీ జామీను ఉండనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తర్వాత సంఘపెద్ద అయ్యాడు. ఆయన మాట మీద మా పేటలో పెళ్లి తగాదాలు తీరేవి.

“కన్నబిడ్డ గదయ్యా,” అంది అమ్మ చివరికి. “ఓబులేసూ ఈ పిల్లా ఒకటేనా నీకు?”

“ఒకటని నేనన్యానా? ఏ మనిషికీ ఉండనన్యా. నా బిడ్డకు తప్ప అని ఆ పొద్దు అన్లేదు.”

“అన్లేకుంటే ఇప్పుడు అను. ఎవురొద్దన్యారు?”

“దేవుని ముందర పెట్టిన ఒట్టుకు పదకొండేండ్ల తర్వాత తోక తగిలిచ్చేదుంటాదా?”

నాకు ఒళ్లు మండిపోయింది. “నేనేం ఓబులేసు మాదిరి పారిపోతాననా?” అన్నాను. “నన్ను నమ్మవు. ఆ మాట నేరుగా చెప్పు.”

నాయన నా వైపు చూశాడు. “పో పాపా, అన్నం తిను,” అన్నాడు. నేను తినలేదు. ఆ రోజు మొదలు పన్నెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆ పన్నెండు రోజుల్నీ తలుచుకుంటే నన్ను నేనే రెండు పీకాలనిపిస్తుంది కానీ, అప్పుడు మాత్రం నేను చేస్తున్నది గొప్ప పోరాటమనే అనుకున్నాను.

ఆయనేం ఊరికే కూర్చోలేదు. మోటారు దుకాణాల వాళ్లని అడిగాడు. ప్రొద్దుటూరులో పాత ఇనుము కొనే మున్వర్ దగ్గరికి పోయి, తను మోటార్లు ఎత్తే గొలుసుల కప్పీ, మూడు కాళ్ల స్టాండూ అమ్మితే ఎంత వస్తుందో కనుక్కున్నాడు. అవి అమ్మితే మా తిండి అమ్మినట్టే. అయినా అడిగాడు. వచ్చేది సగం ఫీజుకు కూడా చాలదని తెలిసి ఆ రాత్రి మున్వర్ ఇచ్చిన బొరుగుల పొట్లం ఒక్కటే చేతిలో పట్టుకుని వచ్చాడు. పొట్లం నా ముందు పెట్టాడు. నేను ముట్టలేదు.

మా ఊరి సర్పంచు సుబ్బరత్నమ్మ. సీటు ఆడవాళ్లకు రిజర్వు కావడంతో అయిదేళ్ల కిందట ఆమె గెలిచింది. గెలిచిందన్న మాటే కానీ సర్పంచు ముద్ర ఆమె మొగుడు రెడ్డి చొక్కా జేబులో ఉండేది. ఈసారి సీటు జనరల్‌కు వచ్చింది కాబట్టి రెడ్డే నిలబడ్డాడు. వాళ్ల చీనీ తోటలోనే అమ్మ పనికి పోయేది. మా ఇంటి సంగతి అమ్మ నోట విని, “పాపను ఒకసారి పంపు” అని సుబ్బరత్నమ్మ కబురు చేసింది. అమ్మ ఆ కబురు నాకు చెప్పి, వెళ్లొద్దని కూడా చెప్పింది. నేను మొదటి సగం మాత్రమే విన్నాను.

సుబ్బరత్నమ్మ వసారాలో చాటల ముందు కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. నేను మెట్టు మీద కూర్చుని నాకు తెలియకుండానే ఒక చాట దగ్గరికి లాక్కుని ఒలవడం మొదలుపెట్టాను.

“ఏందిమే, మీ నాయన సంతకం పెట్టనన్యాడంట?”

“అవునమ్మా.”

“శానా మొండోడు. మంచోడే, మొండోడు. ఎంత కావాల?”

చెప్పాను. ఆమె లోపలికి పోయి ఒక గుడ్డసంచి తెచ్చి నా ఒడిలో పెట్టింది. “ఇది మొదటేడాదికి. పై ఏండ్లవి అప్పుడు చూసుకుందాం. ఈ దుడ్లు నేను తిరిగి అడగను,” అంది. తర్వాత ఇంకో గుప్పెడు కాయలు తీసుకుని, వాటి వైపే చూస్తూ అంది. “పోలింగు పొద్దు మీ పేట బూతులో మీ నాయన మా తట్టు ఏజెంటుగా కూచోవాల. అంతే.”

అంతే అని ఆమె అన్నది కానీ, అది ఎంతో మా ఇద్దరికీ తెలుసు. ఊళ్లో రెండు పార్టీలు. నాయన ఇద్దరి తోటల్లోనూ మోటార్లు ఎత్తేవాడు, ఇద్దరిళ్లలోనూ మజ్జిగ తాగేవాడు, ఎవరి మనిషీ కాడు. ఊళ్లో అలా నిలబడగలిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి బూతులో ఏజెంటుగా కూర్చుంటే ఇక అయిదేళ్లూ ఆ పార్టీ మనిషే. అవతలివాళ్ల తోటల్లో పని పోతుంది. పనితో పోతే అదృష్టం. పోయిన ఎన్నికల్లో ఏజెంటుగా కూర్చున్న శుభాకర్ చిన్నాయనకు వారం తిరక్కుండా కాలు విరగ్గొట్టారు. ఇప్పటికీ ఎగుడు దిగుడుగా నడుస్తాడు.

ఇదంతా తెలిసే నేను, “సరే అమ్మా, కూచుంటాడు” అన్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. నా కోసం ఒక్క సంతకం పెట్టనివాడికి ఆ మాత్రం శిక్ష పడాల్సిందేననుకున్నాను.

ఇంటికి వచ్చి సంచి నాయన ముందు పెట్టాను. ఆయన గొలుసుకు గ్రీజు పూస్తున్నాడు. పన్నెండు రోజుల తర్వాత నేను మాట్లాడిన మొదటి మాటలు అవే. “రెడ్డమ్మ ఇచ్చింది. నువ్వు వాళ్ల తట్టు బూతులో కూచుంటావని చెప్పినా.”

అమ్మ తల బాదుకుంది. “నీకేం పొయ్యే కాలం వచ్చిందే! శుభాకరు కాలు చూడ్లేదా నువ్వు?” అని నన్ను కొట్టడానికి వచ్చింది. నాయన గ్రీజు చెయ్యి అడ్డం పెట్టాడు. నా చుడిదారు మీద ఆ మరక చాలా రోజులు పోలేదు.

“కూచుంటానని మాటిచ్చినావా?” అన్నాడు.

“ఇచ్చినా.”

“అట్లయితే కూచోవాల,” అన్నాడు. మళ్లీ గొలుసు అందుకున్నాడు.

తిడతాడనుకున్నాను. సంచి తిరిగి ఇచ్చి రమ్మంటాడని లోలోపల ఆశ కూడా పడ్డాను. అదేమీ లేదు. నాకు ఇంకా కోపం వచ్చింది. రెడ్డమ్మ కోసం కాలు విరగ్గొట్టుకోవడానికి సిద్ధపడే మనిషికి నా కోసం సంతకం పెట్టడం కష్టమైపోయిందా? అంతకు మించి నా బుర్రకు ఎక్కలేదు.

కాలేజీలో చేరాలంటే ఒరిజినల్స్ కావాలి. అవి బ్యాంకు ఫైల్లోనే ఉండిపోయాయి. మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే పులివెందులకు పోయాను. బ్యాంకు అటెండరు గౌస్ మొహిద్దీన్ మా నాయనకు పాత స్నేహితుడు. వాళ్ల చేలో బోరు వేసినప్పుడు మొదటి మోటారు దించింది నాయనే. ఆయన బీరువా తీసి నా ఫైలు బల్ల మీద పెట్టి, “అన్నీ ఉండాయో లేదో చూసుకోమ్మా” అన్నాడు.

సర్టిఫికెట్ల కింద అప్పు దరఖాస్తు ఉంది. అంతా ఇంగ్లీషు. ఇంకెందుకులే అనుకుంటూనే తిరగేశాను. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివే అలవాటు. చివరి పేజీలో మూడు గళ్లున్నాయి. ఒక దాని కింద నా పేరు టైపు చేసి ఉంది. రెండో దాని కింద ‘కో-బారోయర్, పేరెంట్’ అని ఉంది. మూడోది గ్యారంటర్ గడి. దాని మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టి, వర్తించదు అని రాశారు.

“మామా,” అన్నాను. “జామీనుదారును ఇంగ్లీషులో ఏమంటారు?”

“గ్యారంటర్ అంటారు గదా. మన బ్యాంకులో రోజూ ఇదే పాట.”

“మరి ఈడ అది కొట్టేసినారే?”

గౌసు మామ కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. కాగితం దగ్గరికి జరుపుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. తర్వాత నన్నూ ఫైలునూ కలిపి లాక్కుని ఆఫీసరు గదిలోకి నడిచాడు. “సార్, ఈ పాప నాయనను మీరు ఏం ఉండమన్యారు?”

“జామీను,” అన్నాడు ఆఫీసరు. “మీరు చెప్పిందేగా? ఈ ప్రాంతంలో అప్పు సంతకాన్ని జామీను అంటారని.”

“అయ్యో నా తండ్రీ! నేను గ్యారంటర్ సంతకాన్ని జామీను అంటారని చెప్పినా సార్. అన్ని సంతకాలనూ కాదు.”

ఆఫీసరు మొహం ఎర్రబడింది. కో-బారోయర్‌కి తెలుగులో ఏమనాలో తనకూ తెలియలేదని, పుస్తకం మాటలు చెబితే ఇక్కడి రైతులు బెదురుతున్నారని, వాళ్ల మాటే వాడితే దగ్గరవుతారని అనుకున్నానని చెప్పాడు. ఆ పెద్దమనిషి మంచికి పోయి నా పన్నెండు రోజులు మింగేశాడు.

“అయితే సార్, ఈ అప్పు ఎవరిది?” అన్నాను.

“మీ ఇద్దరిదీనమ్మా. మీ నాన్నగారిది, మీది. ఆయన ఎవరి తరఫునా పూచీ ఉండక్కర్లేదు. మీ చదువు కోసం ఆయన కూడా అప్పు తీసుకుంటున్నారు. అంతే.”

సర్టిఫికెట్లు ఫైల్లో అలాగే వదిలేసి బస్టాండుకు పరుగెత్తాను.

నాయన ఆ రోజు వేముల దారిలో ఒక అరటి తోటలో మోటారు ఎత్తుతున్నాడు. ఆరువందల అడుగుల బోరు. ఇరవై అడుగుల పైపులు ముప్పై పైకి రావాలి, ఒక్కొక్కటీ విప్పి పక్కన పరవాలి. ఆ పనిలో ఒక కట్టుబాటుంది. పైపు గొలుసుకు వేలాడుతున్నంతసేపూ, కిందిదాన్ని క్లాంపు పట్టి ఉంచే మనిషితో ఎవరూ మాట్లాడకూడదు. లెక్క తప్ప ఇంకో మాట ఉండదు. చెయ్యి ఏమరితే పైపులూ మోటారూ కలిసి బోరులోకి జారిపోతాయి, ఆ రైతు ఏడాది దానితో పోతుంది. క్లాంపు దగ్గర ఉన్నది నాయనే.

నేను గట్టు మీదికి ఉరుకుతూ వస్తున్నది చూసి, అక్కడే ఆగమని చెయ్యెత్తాడు. ఆగాను. ఇంకా పదకొండు పైపులున్నాయి. అరటాకుల నీడలో నిలబడి, నోటిదాకా వచ్చిన మాటను మింగుతూ, ఇరవై, ఇరవై ఒకటి, ఇరవై రెండు అని నాయన పలుకుతుంటే వింటూ ఉన్నాను. అంత పొడుగు గంట నా జీవితంలో మళ్లీ చూడలేదు. మోటారు బయటికి వచ్చి, తడి బురదతో నేల మీద పడుకున్నాక ఆయన టవలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఏమైంది? అమ్మ బాగుందా?”

“బాగుంది. నాయనా, అది జామీను కాదంట.”

“ఏది?”

“బ్యాంకుది. జామీను గడి కొట్టేసినారు. ఆ సారుకు మన మాట తెలీక అట్లన్యాడు. అది అప్పంట. నీ అప్పు.”

ఆయన టవలు భుజాన వేసుకున్నాడు. “నా అప్పా? నా పేరు మీదనేనా?”

“నీ పేరూ, నా పేరూ.”

“కట్టకుంటే ఎవరిని అడుగుతారు?”

“మనల్నే.”

“కోర్టులో ఎవరికో బదులుగా నిలబడేది లేదు గదా?”

“లేదు నాయనా. నేను చదివినా. గౌసు మామ కూడా చూసినాడు.”

నాయన గట్టు మీద కూలబడ్డాడు. “అప్పయితే అప్పని చెప్పేదానికి ఆయప్పకేం రోగం?” అన్నాడు. ఆయన నోట నేను విన్న పెద్ద తిట్టు అదే. తర్వాత కూలివాళ్లకు పని చెప్పి, చేతులు కడుక్కుని, “పా,” అన్నాడు. “ముందు రెడ్డమ్మ తావకి పోవాల.”

సుబ్బరత్నమ్మ వసారాలోనే ఉంది. నాయన సంచి ఆమె ముందు చాట పక్కన పెట్టాడు. సంగతంతా చెప్పాడు. ఆమె సంచి విప్పి చూడలేదు.

“మా ఆయన నీ పేరు రాసేసుకున్యాడు పౌలూ,” అంది.

“రాసుకోనీ రెడ్డమ్మా. దుడ్లు నాకు అక్కర్లేకపాయ, మాట మాత్రం ఉంది. మాటిచ్చింది నా బిడ్డ. కూచోమంటే కూచుంటా. నువ్వు ఎట్ల చెప్తే అట్ల.”

దుడ్లు తిరిగిచ్చేస్తే అన్నీ తిరిగి వచ్చేస్తాయని అనుకున్నాను నేను. ఆయన అలా అనుకోలేదు. ఇచ్చిన మాట వెల నాకు ఆ మెట్టు మీద తెలిసింది. “అమ్మా, తప్పు నాది,” అన్నాను. “మా నాయనకు చెప్పకుండా మాటిచ్చినా. కోపంలో ఇచ్చినా.”

సుబ్బరత్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. లోపల రెడ్డి ఎవరితోనో ఫోన్లో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఆమె లేచి లోపలికి పోయింది. లోపల ఏవో మాటలు వినపడ్డాయి, ముందు ఆయనవి, తర్వాత ఆమెవి, చివరికి ఆమెవి మాత్రమే. కాసేపటికి ఏజెంట్ల పేర్ల కాగితం చేత్తో పట్టుకుని వచ్చింది. నా దగ్గరున్న పెన్ను అడిగి తీసుకుని, నిలబడినచోటే నాయన పేరు మీద గీత కొట్టింది.

“పాపతో బేరమాడింది నేను. ఆయన కాదు,” అంది. “అయిదేండ్లు సర్పంచుగా ఉండి నేను నా చేత్తో చేసిన పని ఇదొక్కటనుకో. పో పౌలూ. మా తూర్పు తోటలో మోటారు గురగురమంటాంది, సోమారం వచ్చి చూడు.”

“వస్తా రెడ్డమ్మా,” అన్నాడు నాయన. వీధిలోకి వచ్చాక టవలుతో మెడ తుడుచుకున్నాడు. అప్పుడు గానీ ఆయనా భయపడ్డాడని నాకు తెలియలేదు.

మర్నాడు బ్యాంకులో ఆఫీసరు నాయన కోసం లేచి నిలబడ్డాడు. మాట్లాడేటప్పుడు ఒక్కో మాటా రాళ్లేరి బియ్యం పోసినట్టు ఏరి పలికాడు. “ఇది అప్పండీ. మీరు, అమ్మాయి, ఇద్దరూ తీసుకుంటున్నారు,” అన్నాడు.

“చెప్పినారు సార్ పాప. ఒకటి అడగాల. చదువైపోయినాక వాయిదాలు కట్టకుంటే ముందు ఎవరి తావకొస్తారు?”

“అమ్మాయికి ఉద్యోగం వస్తుంది కదండీ, అమ్మాయే కడుతుంది.”

“రాకుంటే?”

“అప్పుడు ఇద్దర్నీ అడుగుతాం.”

“అట్లొద్దు సార్. ముందు నన్నడగండి. ఈ పిల్లను అడిగేది చివర్న పెట్టుకోండి. అట్లని యాడైనా రాసుకోవచ్చునా?”

అలా రాసే గడి ఆ దరఖాస్తులో లేదు. ఆఫీసరు ఆ మాట చెప్పలేక గౌసు మామ వైపు చూశాడు. గౌసు మామ, “రాసుకుంటాంలేప్పా, నువ్వు పెట్టు” అన్నాడు. నాయన రెండో గడిలో, బడిపిల్లాడిలా పెదవి కొరుక్కుంటూ, రెండు అక్షరాలకు నాలుగు నిమిషాలు తీసుకుని సంతకం చేశాడు. మొదటి గడిలో నేను చేశాను. మూడోదాని మీద ఎర్ర గీత అలాగే ఉంది.

తిరుగు బస్సులో కిటికీ వైపు నన్ను కూర్చోబెట్టాడు. నాకు అడగకుండా ఉండటం చేతకాలేదు.

“నాయనా, అది నిజంగా జామీనే అయ్యింటే, పెట్టకుండా పోయుందువా?”

“ఆ.”

“సీటు పోతాదని తెల్సి కూడా?”

“ఇంకో దావ చూసుందును. యాడో ఒక తావ చూసుందును.” ముందు సీటు కమ్మీ పట్టుకుని కొంచెంసేపు ఊగాడు. తర్వాత అన్నాడు. “ఆ పొద్దు అడిగినావే, నమ్మవా అని. జామీనంటే ఏంది పాపా? వాడు వేరే, నేను వేరే అని కోర్టు ముందర ఒప్పుకుండేది. వాడు తప్పు చేస్తే నేను దుడ్లు కడతా, తప్పు మాత్రం నాది కాదు అనేది. నీ మీద అట్ల ఎట్ల రాసియ్యాల నేను? నువ్వు ఏం చేసినా అది నాదే గదా. బిడ్డకు జామీనేందో నాకు తలకెక్కల్యా. అది చెప్పేకి మాట రాక ఒట్టు ఒట్టు అంటా ఉంటి.”

మొన్న గ్రీజు చేతులతో “అట్లయితే కూచోవాల” అన్న మనిషి కళ్ల ముందు మెదిలాడు. నేను ఏడ్చాను. కడుపులోంచి, ముక్కు చీదుకుంటూ, ఎదుటి సీటులోని ముసలామె వెనక్కి తిరిగి చూసేలా ఏడ్చాను. నాయనకు ఏం చేయాలో తోచలేదు. టవలు ఇచ్చాడు, అది గ్రీజు కంపు కొడుతోందని మళ్లీ లాక్కున్నాడు.

టికెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు మా దగ్గర ఆగాడు. “ఏమైందప్పా పాపకు? ఎవరన్నా పోయినారా?”

“ఎవరూ పోలేదప్పా,” అన్నాడు నాయన. “అప్పు దొరికింది. వేములకు రెండియ్యి.”